స్నేర్ డ్రమ్ పక్కన చిన్న మీట

స్నేర్ డ్రమ్‌కి ఒక పక్కన బొటనవేలంత మీట ఉంటుంది. దాన్ని పైకి ఎత్తితే డ్రమ్ అడుగునున్న సన్నటి స్టీలు తీగల వరస కింది చర్మానికి బిగుసుకుంటుంది. అప్పుడు స్టిక్ పడగానే ‘ఛట్’మని, అంచుల్లో గరగరతో పలుకుతుంది. రాక్ పాటలో రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మనకి వినిపించేది ఆ చప్పుడే. మీట దించితే తీగలు వదులైపోతాయి. అదే దెబ్బ ‘డుమ్’మని మెత్తగా, ఎక్కడో గోడవతల మోగినట్టు వినిపిస్తుంది.

2001 మొదట్లో ఒక సాయంత్రం, మా బ్యాండ్‌లో పాడే స్నేహితుడు గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, “ఒరేయ్, ఈ పాటకి ఆ మీట దించి వాయించి చూడరా” అన్నాడు. నేను దించనన్నాను. బ్యాండ్లు కాలంతో పాటు తమ సౌండ్ మార్చుకోవాలా, అక్కర్లేదా అని ఎవరు వాదన మొదలుపెట్టినా నాకు ముందు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

అసలు రాక్ నాకు అన్నయ్య దగ్గర్నుంచి వచ్చింది. తను నాకంటే ఆరేళ్ళు పెద్ద. తన బల్ల మీద మెటాలికా బ్యాండ్ క్యాసెట్లు విడుదలైన వరసలో నిలబెట్టి ఉండేవి. 1983 నాటి కిల్ ’ఎమ్ ఆల్, 84లో వచ్చిన రైడ్ ద లైట్నింగ్, 86 మాస్టర్ ఆఫ్ పపెట్స్, 88 అండ్ జస్టిస్ ఫర్ ఆల్, ఆ తర్వాత 91లో బ్యాండ్ పేరుతోనే వచ్చిన నల్ల అట్ట ఆల్బమ్. వాటిని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని రావాలి. క్యాసెట్‌లో రీలు సడలితే పెన్సిల్ పెట్టి తిప్పే పని మాత్రం నాకు అప్పగించేవాడు. క్యాసెట్ చక్రం పళ్ళ మధ్య పెన్సిల్ ఇరుక్కుని, రీలు కొద్దికొద్దిగా బిగుస్తుంటే, అందులో ఉన్న పాటంతా నా వేళ్ళ మీదుగా పోతున్నట్టు ఉండేది.

1996లో మెటాలికా తర్వాతి ఆల్బమ్ లోడ్ వచ్చింది. అట్ట మడత విప్పగానే అన్నయ్య మొహం మారిపోయింది. నడుం దాకా జుట్టు పెంచుకున్న మనుషులు జుట్టు కత్తిరించుకుని, కళ్ళకి కాటుక పెట్టుకుని ఫొటోలు దిగారు. సరే, ఫొటోలదేముంది అని క్యాసెట్ పెట్టాడు. మొదటి వైపు అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. పరుగులు పెట్టే గిటార్లు లేవు, తుపాకీ పేల్చినట్టుండే డబుల్ బాస్ డ్రమ్ము లేదు. బ్లూస్ వాసన, పల్లెపాటల వాసన, నింపాదిగా నడిచే లయ. రెండో వైపు తిప్పలేదు. “వీళ్ళు వేరే ఎవరోరా” అని, ఆ క్యాసెట్‌ని వరసలో పెట్టకుండా సొరుగులో పడేశాడు. తిట్టి ఉంటే నేనంతగా గుర్తుపెట్టుకునేవాణ్ణి కాదేమో. తిట్టలేదు. దగ్గరివాడొకడు వీధిలో కనపడి పలకరించకుండా వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అలా కూర్చుండిపోయాడు.

ఆ సొరుగులోంచి క్యాసెట్ తీసి, తను లేనప్పుడు నేను రెండు వైపులా విన్నాను. అప్పటికి నాకు డ్రమ్స్ లేవు. దిండ్ల మీద వాయించేవాణ్ణి. జస్టిస్ ఆల్బమ్ దిండ్ల మీద వాయించాలంటే చేతులు పడిపోయేవి. కానీ లోడ్‌లో ‘బ్లీడింగ్ మీ’ అని ఎనిమిది నిమిషాలు దాటే పాట ఒకటుంది. దానికి వాయిస్తుంటే మొదటిసారి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుందని తెలిసింది. ఆ ఖాళీని పట్టుకుని నిలబడటం వేగంగా కొట్టడం కంటే కష్టం. ముందే కొట్టేయాలని చెయ్యి తొందరపడుతుంది, ఆపాలి. నాకా ఆల్బమ్ నచ్చింది. అన్నయ్యకి చెప్పలేదు. చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. అన్నయ్యకి ప్రాణమైన పాట రైడ్ ద లైట్నింగ్‌లోని ‘ఫేడ్ టు బ్లాక్’. ఆ పాట అకూస్టిక్ గిటార్‌తో, నెమ్మదిగా మొదలవుతుంది. 1984లో అది వచ్చినప్పుడు, ఏడాది ముందు నుంచీ వింటున్నవాళ్ళు కొందరు ‘మెత్తబడిపోయారు, అమ్ముడుపోయారు’ అన్నారు. అన్నయ్య వినడం మొదలుపెట్టేసరికి ఆ మార్పు జరిగిపోయింది కాబట్టి తనకి అది మెటాలికా అసలు స్వరూపం. తను వచ్చాక జరిగింది మాత్రం ద్రోహం. ఈ మాట అన్నయ్యతో అంటే ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, “అవును, నిజమే. అయినా నాకు బాధగానే ఉంది” అన్నాడు. ఆ జవాబు మీద నాకు చాలా గౌరవం. బాధ ఉండటం వేరు, బ్యాండ్ తప్పు చేసిందనడం వేరు.

మా బ్యాండ్ 2000లో మొదలైంది. నలుగురం. మేడ మీద ఒక గది, తలుపు సందుల్లో పాత దుప్పట్లు కుక్కేవాళ్ళం. అందరూ వాయించేవే మేమూ వాయించేవాళ్ళం. ఎక్కువ మెటాలికా, కొంత ఏసీ/డీసీ, రేడియోహెడ్ మొదటి రోజుల ‘క్రీప్’. ఆ పాటలో పల్లవికి ముందు గిటార్ ‘ఝక్ ఝక్’మని రెండుసార్లు తెగినట్టు వస్తుంది చూడండి, అక్కడ నలుగురం ఒకర్నొకరు చూసుకునేవాళ్ళం. ఆ చూపుల కోసమే ఆ పాట వాయించేవాళ్ళమనిపిస్తుంది ఇప్పుడు.

ఆ అక్టోబర్‌లో రేడియోహెడ్ ఆల్బమ్ కిడ్ ఎ వచ్చింది. మా గాయకుడు సీడీ తెచ్చి పెట్టాడు. రేడియోహెడ్‌లో ముగ్గురు గిటార్ వాయించగలవాళ్ళు. 1997లో ఓకే కంప్యూటర్‌తో ప్రపంచంలోనే పెద్ద గిటార్ బ్యాండ్లలో ఒకటయ్యారు. అలాంటి వాళ్ళు మొదటి పాటలోనే గిటార్ పక్కన పెట్టేశారు. సింథసైజర్ మీద కొన్ని స్వరాలు చుట్టూ తిరుగుతుంటాయి, గొంతుని ముక్కలు చేసి వెనక్కీ ముందుకీ తిప్పుతారు. ఇంకో పాటలో 1928 నాటి ఓండ్ మార్తెనో అనే వాద్యం ఏడుస్తున్నట్టు పాకుతుంది. ఒక్క పాట కూడా సింగిల్‌గా విడిగా విడుదల చెయ్యలేదు. అయినా అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది.

మా గాయకుడు రెండు నెలలు ఇంకేమీ వినలేదు. ఆ తర్వాత సొంతంగా పాటలు రాయడం మొదలుపెట్టాడు. అరిచే పాటలు కావు, చెవి దగ్గరికొచ్చి చెప్పినట్టుండేవి. మొదట గిటార్‌ని గరుకుగా మోగించే డిస్టార్షన్ తీసేశాడు. తర్వాత ఒక కీబోర్డ్ తెచ్చాడు, అందులో డ్రమ్ బీట్లు కూడా ఉన్నాయి. కిడ్ ఎలో ‘ఇడియోటెక్’ అనే పాట ఉంది. దాని నడకంతా మెషిన్ బీట్‌దే. ఆ పాట పదేపదే పెట్టి, “చూడరా, ఎంత బావుందో” అనేవాడు. నాకు మాత్రం ఆ పాటలో ఒక మనిషి లేడన్నదే వినిపించేది. ఫిల్ సెల్వే అనే డ్రమ్మర్‌ని కుర్చీలోంచి లేపేసి మెషిన్‌ని కూర్చోబెట్టారు, రేపు నన్నూ లేపుతారు, అంతే.

ఆ భయంలో ఉన్నప్పుడే తను మీట దించమన్నాడు. “నేను మెల్లగా పాడుతుంటే అడుగున గరగరమంటోంది” అన్నాడు. నా డ్రమ్ బాగోలేదంటున్నాడనుకున్నాను. “నా స్నేర్ ఇంతే. నచ్చకపోతే మెషిన్ పెట్టుకో” అన్నాను. “మనం మనలాగా ఎప్పుడు వాయిస్తాం రా?” అన్నాడు తను. నేను స్టిక్స్ సంచిలో పెట్టుకుని లేచిపోయాను. తర్వాత రెండు వారాలు కలిశాం, పాత పాటలే వాయించాం. ‘క్రీప్’లో ఆ రెండు తెగిన దెబ్బలు వచ్చినప్పుడు ఎవరం ఎవర్నీ చూసుకోలేదు. బ్యాండ్ అక్కడితో ఆగిపోయింది.

లోడ్‌ని సొరుగులోంచి తీసుకుని దొంగచాటుగా ప్రేమించినవాణ్ణి నేను. అన్నయ్యకి పాఠాలు చెప్పినవాణ్ణి. మార్పు ఇంకొకరి చేతిలో జరుగుతున్నంతసేపూ దాని పక్షాన మాట్లాడాను. నా చేతి కిందికి వచ్చేసరికి కాదన్నాను. ఇప్పటికీ ఈ విషయంలో నా అభిప్రాయమంతా ఇక్కడినుంచే మొదలవుతుంది. బ్యాండ్ మారాలా వద్దా అని బయటినుంచి అడిగితే అది అభిరుచి ప్రశ్న. లోపల ఉన్న నలుగురికి మాత్రం, ఎవరు ఏం వదులుకోవాలన్న ప్రశ్న.

2003లో మెటాలికా సెయింట్ యాంగర్ వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలుపెట్టిన నిమిషంలోపే ఆపేశాను. వాళ్ళ డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ ఆ ఆల్బమ్‌లో స్నేర్ తీగలు వదిలేసి వాయించాడు. సరిగ్గా ఆ మీటే. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు టంగ్, టంగ్ అని ఆల్బమ్ పొడుగునా మోగుతుంది. లోకమంతా ఆ చప్పుడుని తిట్టింది. నేను మాత్రం హెడ్‌ఫోన్స్ చేతిలో పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. అంత పెద్ద బ్యాండ్‌లో, అన్నేళ్ళు వాయించినవాడు, తన చేతికి గుర్తింపు తెచ్చిన చప్పుడునే వదిలేసి చూశాడు. బావుందా అంటే, నాకు బాగోలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా బాగోలేదు. గిటార్ సోలోలు తీసేయడం కూడా ఆ పాటలకి మేలు చెయ్యలేదు. మారిన ప్రతిదాన్నీ మెచ్చుకోవాలని నేననను. కానీ ఆ మనుషుల పరిస్థితి చూడండి. బాస్ వాయించే జేసన్ న్యూస్టెడ్ 2001లో వెళ్ళిపోయాడు, గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ మద్యం మానడానికి చికిత్సకి వెళ్ళాడు, స్టూడియోలో బాస్ వాయించడానికి నిర్మాత బాబ్ రాకే కూర్చోవలసి వచ్చింది. ఆ సమయంలో మాస్టర్ ఆఫ్ పపెట్స్ లాంటిది మళ్ళీ చేసి ఉంటే అది అబద్ధమయ్యేది. సెయింట్ యాంగర్ చెవికి కష్టంగా ఉంటుంది, అబద్ధం మాత్రం కాదు.

డ్రమ్మర్ల కథల్లో నా మనసుకి బాగా దగ్గరైంది లెవన్ హెల్మ్‌ది. 1965లో బాబ్ డిలన్ జానపద గిటార్ వదిలి ఎలక్ట్రిక్ బ్యాండ్‌తో పాడటం మొదలుపెట్టాక, పర్యటనల్లో వెనక వాయించినవాళ్ళు హాక్స్, హెల్మ్ వాళ్ళ డ్రమ్మర్. తర్వాత ద బ్యాండ్ అని పేరు తెచ్చుకున్నవాళ్ళు. వెళ్ళిన చోటల్లా జనం గోల చేసి తిట్టేవాళ్ళు. హెల్మ్ అది భరించలేక ఆ ఏడాది చివర్లో వదిలేసి వెళ్ళి, సముద్రంలో చమురు బావి మీద పనికి చేరాడు. మరుసటి ఏడాది మే 17న మాంచెస్టర్‌లో ఎవరో ‘జూడాస్’ అని, అంటే ద్రోహీ అని అరిచారు. ఆ రికార్డింగ్ 1998లో అధికారికంగా విడుదలయ్యాక నేనూ విన్నాను. అరుపు, ఆ తర్వాత జనం చప్పట్లు, ఆ వెంటనే విరుచుకుపడే డ్రమ్స్. ఆ రాత్రి కుర్చీలో ఉన్నది మిక్కీ జోన్స్. అందరూ డిలన్ ధైర్యం గురించి చెబుతారు. నేను వెళ్ళిపోయిన హెల్మ్ గురించి ఆలోచిస్తాను. మార్పు పాటగాడిదైనా తిట్లు వెనక కూర్చున్నవాడికీ తగులుతాయి. ఆయన తర్వాత తిరిగొచ్చాడు. వాయించాడు, పాడాడు కూడా. వెళ్ళినవాడు తిరిగి రావచ్చన్నది నాకు అప్పట్లో చాలా అవసరమైన కబురు.

ఇక ‘ఇడియోటెక్’. ఆ పాటని రేడియోహెడ్ వేదిక మీద వాయిస్తున్న వీడియో చాలా ఏళ్ళకి చూశాను. సెల్వే అక్కడే ఉన్నాడు. ఆల్బమ్‌లో మెషిన్ వేసిన ఆ బీట్‌ని రెండు చేతులతో, రెండు కాళ్ళతో, చెమటలు కక్కుతూ వాయిస్తున్నాడు. నేను లేపేశారనుకున్న మనిషి ఆ మెషిన్ దగ్గర నేర్చుకుని, దానికి ఊపిరి పోసి తిరిగి తెచ్చాడు. వీడియో ఆపి, మా గాయకుడికి ఫోన్ చేద్దామని నంబర్ తీశాను. చెయ్యలేదు. ఆ పని చెయ్యడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

అన్నయ్య వైపు వాదన కూడా బలమైనదే, దాన్ని తక్కువ చెయ్యను. “ఏసీ/డీసీ మారిందా?” అనేవాడు. 1980 ఫిబ్రవరిలో వాళ్ళ గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. అయిదు నెలలకి బ్రయాన్ జాన్సన్‌తో బ్యాక్ ఇన్ బ్లాక్ తెచ్చారు. గొంతు మారింది, నడక మారలేదు. గిటార్ వాయించే మాల్కమ్ యంగ్ కుడిచెయ్యి, డ్రమ్మర్ ఫిల్ రడ్ దెబ్బ అలాగే ఉన్నాయి. రడ్ లాగా వాయించడం సులువనుకుంటారు కానీ, ఒక పాట పొడుగునా ఏమీ చేర్చకుండా, ఏమీ తగ్గించకుండా, ప్రతి దెబ్బా ఒకే బరువుతో వెయ్యడం ఎంత కష్టమో ప్రయత్నించినవాడికి తెలుస్తుంది. మారకుండా ఉండటానికి కూడా రోజూ పని చెయ్యాలి. రోలింగ్ స్టోన్స్‌ డ్రమ్మర్ చార్లీ వాట్స్‌కి ఒక అలవాటుండేది. స్నేర్ మీద దెబ్బ వేసేటప్పుడు హైహ్యాట్ అనే జంట తాళాల మీది చేతిని ఎత్తేసేవాడు. 1978లో ‘మిస్ యూ’తో ఆ బ్యాండ్ డిస్కో వైపు వెళ్ళింది, తర్వాత ఎటెటో వెళ్ళింది, ఆయన అలవాటు మాత్రం ఆయనతోనే ఉంది. నేను కొత్త ఆల్బమ్ విన్నప్పుడల్లా ముందు ఇలాంటివే వెతుకుతాను. అంతా మారినా, ఆ చెయ్యి ఆ చెయ్యే అని గుర్తుపట్టగలిగితే నాకు చాలు.

శరీరం సంగతి ఒకటుంది, దాని గురించి వినేవాళ్ళు తక్కువ ఆలోచిస్తారు. పాతికేళ్ళ గొంతు నలభై అయిదేళ్ళకి ఉండదు. హెట్‌ఫీల్డ్ నల్ల ఆల్బమ్ రోజుల్లో అరిచి అరిచి గొంతు పాడుచేసుకుని, అప్పుడు గాత్రం నేర్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. లోడ్‌కి వచ్చేసరికి గిటార్లన్నీ అర శ్రుతి దించి వాయించారు. అన్నయ్యకి ‘వేరే ఎవరో’ అనిపించినదాంట్లో కొంత భాగం ఆ అర శ్రుతే.

అన్నయ్య కొడుక్కి ఇష్టమైన బ్యాండ్ లింకిన్ పార్క్. తను పుట్టకముందు వచ్చిన వాళ్ళ ఆల్బమ్ హైబ్రిడ్ థియరీ తనకి ప్రాణం. 2017 మేలో వాళ్ళ కొత్త ఆల్బమ్ వన్ మోర్ లైట్ వచ్చింది. అరుపుల్లేవు, గిటార్లు వెనక్కి తగ్గాయి, అంతా మెత్తటి పాప్. “బాబాయ్, ఇది వాళ్ళ పాటే కాదు” అన్నాడు. తన మొహంలో 1996 నాటి అన్నయ్య మొహం కనపడింది. “2007లో మినిట్స్ టు మిడ్‌నైట్ వచ్చినప్పుడు కూడా ఇలాగే అన్నారురా, మెత్తబడ్డారని. చెస్టర్ బెనింగ్టన్ ఆపకుండా పదిహేడు సెకన్లు అరిచింది ఆ ఆల్బమ్‌లోనే” అని చెప్పి, ‘గివెన్ అప్’ పెట్టి వినిపించాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

జులై 20న లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ చనిపోయాడు. రాత్రి ఫోన్ చేశాడు పిల్లాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “బాబాయ్, నేను దాన్ని ఒక్కసారే విన్నాను” అన్నాడు. నీ తప్పేం లేదురా, నచ్చకపోవడం నేరం కాదు అని ఎన్నోసార్లు చెప్పాను. అది నిజం. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళేసరికి అన్నయ్య, కొడుకు పక్కపక్కన నేల మీద కూర్చుని ఆ ఆల్బమ్ పేరున్న పాట వింటున్నారు. పోయిన మనిషి గురించిన పాట అది. డ్రమ్స్ దాదాపు లేవు. గొంతు చాలా దగ్గరగా ఉంటుంది. అరుస్తూనే ఉండాలని మనం కోరుకున్న మనిషి అలా పాడుతున్నాడు. పాట అయ్యాక అన్నయ్య లేచి లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి ఒక క్యాసెట్ పట్టుకుని వచ్చాడు. లోడ్. రెండో వైపు ఆడించలేదు కాబట్టి రీలు కొత్తగా ఉందనుకున్నాడు పాపం. “ఇది నేను పూర్తిగా వినలేదు కదరా” అన్నాడు. నేను విన్నానన్నాను, ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత.

ఆ వారమే మా గాయకుడికి ఫోన్ చేశాను. “ఏరా” అన్నాడు, నిన్న మాట్లాడి పెట్టేసినట్టు.

కలవడానికి మరికొంత కాలం పట్టింది. కలిశాక అదే పాట ఎత్తుకున్నాం, 2001లో ఆగిపోయింది. ముందు తను గిటార్ తీగలు ఒక్కొక్కటే అర శ్రుతి దించాడు. “పైకి అందట్లేదురా ఇప్పుడు” అన్నాడు. మొదటి చరణం ఊరికే గొణిగినట్టు పాడి చూసుకుంటున్నాడు, నేనింకా స్టిక్స్ కూడా ఎత్తలేదు. నా స్నేర్ గరగరమంటోంది. తన గొంతుకి, గిటార్‌కి దానంతటదే అడుగున తీగలు వణుకుతున్నాయి, కీచురాయిలాగా. అప్పుడు తను చెప్పింది దీని గురించి. నా డ్రమ్ బాగోలేదని కాదు, తన పాట తనకి వినపడట్లేదని.

చెయ్యి పెట్టి మీట దించాను. టక్కుమంది. తను తలెత్తి చూశాడు గానీ పాడటం ఆపలేదు. గదిలో ఇంకే చప్పుడూ లేదు. రెండో చరణానికి ముందు తను గాలి పీల్చుకోవడం వినిపించింది, నేను మెల్లగా మొదటి దెబ్బ వేశాను.